బోర్లా తిప్పిన ల్యాప్‌టాప్

ఏమమ్మా, మూతి అలా పెట్టావేం? మీ నాన్న నిన్నెప్పుడూ మోసం చెయ్యలేదనా ఆ ధీమా? అబ్బో! మరి చందమామ నీ వెనకాలే నడిచొస్తున్నాడని నమ్మించిందెవరు? గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని రాత్రంతా ఏడిపించిందెవరు? సరే, కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు. పెట్టలేవులే, తెలుసు. చేతిలోనే ఉంచుకుని విను. ఈ కథలో ఒక తండ్రి తన కూతుర్ని మోసం చేశాడు. చివరికి బోల్తా పడిందెవరో ఇప్పుడే చెప్పు చూద్దాం. కూతురా? అదిగో, కథ మొదలవకుండానే పప్పులో కాలేశావు.

ఆ తండ్రిని వీధిలో అందరూ టక్కరి అని పిలిచేవాళ్లు. వృత్తి పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ వీడియోలు తీయడం, ప్రవృత్తి మనుషుల్ని ఆటపట్టించడం. కెమెరా ముందు పెళ్లికొడుకు బిగుసుకుపోయి నిలబడితే, దగ్గరికెళ్లి చెవిలో "బాబూ, జిప్పు" అనేవాడు. జిప్పు బాగానే ఉండేది. గతుక్కుమని కిందకి చూసి పైకి చూసినప్పుడు ఆ మొహంలో వచ్చే నవ్వు మాత్రం అసలు సిసలైన నవ్వు. "డబ్బులిచ్చినా అలాంటి నవ్వు రాదు" అనేవాడు టక్కరి.

ఆ రోజు పొద్దున్న కూడా ఇంట్లో అన్ని రోజుల్లాగే తెల్లవారింది. భార్య కళ్లజోడు టక్కరి దాచేశాడు.

"ఏవండీ, కళ్లజోడు ఇచ్చెయ్యండి. ఆలస్యమైతే డాక్టరుగారు జనం పళ్లు వదిలేసి నా పళ్లు పీకుతారు."

ఆవిడ పళ్ల డాక్టరు ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ల పేరు రాసుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించేదాకా ఆవిడ బాధ్యతే.

"నీ నెత్తి మీదే ఉంది చూసుకోవే."

ఆవిడ నెత్తి తడుముకుంది. లేదు. టక్కరి పకపకా నవ్వాడు.

"రోజంతా ఊళ్లోవాళ్ల చేత నోళ్లు తెరిపిస్తాను. ఇంటికొస్తే ఈ ఒక్క నోరు మూయించడం నా వల్ల కావట్లేదు" అంటూ ఆవిడ టీ డబ్బాలో చెయ్యి పెట్టి కళ్లజోడు తీసుకుంది. ఎక్కడ దాస్తాడో ఇన్నేళ్లకి ఆవిడకి తెలియదా మరి!

ముందుగదే టక్కరి స్టూడియో. అక్కడ బల్ల మీద ముసలి కంప్యూటర్ ఒకటి మూలుగుతూ, దగ్గుతూ, మధ్యమధ్యలో స్పృహ తప్పుతూ పెళ్లి వీడియోలు కోసి అతికిస్తూ ఉంటుంది. ఆగిపోయినప్పుడల్లా టక్కరి దాని డొక్క మీద ఒక్కటిచ్చేవాడు. కొత్తది కొనుక్కోమని ఇంట్లోవాళ్లు చెప్పీ చెప్పీ నోళ్లు నొప్పెట్టి ఊరుకున్నారు. తనకోసం చెప్పులు కొనుక్కోవాలన్నా, పాతవి వాటంతట అవే ఇల్లొదిలి పారిపోవాల్సిందే ఆయనకి.

అప్పుడే కూతురు తల తుడుచుకుంటూ వచ్చింది. ఒక్కగానొక్క కూతురు. ఇంట్లో దాని పేరు కత్తెర. ఆ పేరు పెట్టిందీ టక్కరే. అది నడక నేర్చింది ఆ గదిలోనే. తల్లి పనికి పోతే తండ్రి ఒళ్లో కూర్చుని, తెర మీద వేలు పెట్టి, "ఈ తాతయ్య ఆవలిస్తున్నాడు నాన్నా, ఇక్కడ కొయ్యి" అనేది. కోస్తే చక్కగా అతికేది. మాటలు సరిగ్గా రాకముందే కోతలు వచ్చాయి ఆ పిల్లకి.

"నాన్నా, ఉద్యోగం వచ్చింది" అంది కత్తెర.

"ఎక్కడే? ఏ స్టూడియోలో?"

"స్టూడియో కాదు. సైకిల్ పందాలు పెట్టేవాళ్లు. సైకిళ్ల వెనకాల వ్యాన్ వెళ్తుంది. నేను వ్యాన్లో వెనక సీట్లో కూర్చుని, వాళ్లు తీసింది తీసినట్టు కోసి, పందెం ముగిసిన సాయంత్రానికి వీడియో పంపించెయ్యాలి. ఒక ఊళ్లో పందెం అయిపోతే ఇంకో ఊరు. ఏడాదంతా తిరుగుడే."

టక్కరి నోట్లోంచి ఏదో ఒక జోకు ఊడిపడుతుందని తల్లీకూతుళ్లు ఎదురుచూశారు. పడలేదు.

"ల్యాప్‌టాప్ మాత్రం నాదే ఉండాలంట. అది నువ్వే ఏరి పెట్టాలి నాన్నా" అంది కత్తెర, వచ్చి తండ్రి కుర్చీ చేతి మీద కూర్చుంటూ. "వ్యాన్లో ప్లగ్గు ఉండదు. బ్యాటరీ సాయంత్రం దాకా లాగాలి. లాగడమంటే ఊరికే వెలగడం కాదు, ప్లగ్గు పీకినా పని అదే వేగంతో చెయ్యాలి. ఎండలో బొమ్మ కనపడాలి. రంగులు అబద్ధం చెప్పకూడదు. కారు సాకెట్టు నుంచి ఛార్జింగ్ ఎక్కాలి. గంటల తరబడి ఒళ్లో పెట్టుకున్నా కాలు తిమ్మిరెక్కకూడదు."

"ఇన్ని మంచి గుణాలున్న మొగుడు కూడా దొరకడు కదే!"

"మొగుణ్ని నేను వెతుక్కుంటాలే. ల్యాప్‌టాప్ నువ్వు వెతుకు."

టక్కరి నవ్వాడు. నవ్వుతూనే ముసలి కంప్యూటర్ వైపు చూశాడు. దాని ముందున్న రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీగా కనపడింది. కూతురు ఇంకా ఇంట్లోనే ఉంది, అయినా ఖాళీగానే కనపడింది.

"నేను చూసుకుంటాగా, బంగారుతల్లీ" అన్నాడు.

కత్తెర తండ్రి మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

* * *

కంప్యూటర్లు అమ్మే కొట్టాయనకి టక్కరి పాత నేస్తం.

"రండి మాస్టారూ! ఇవాళ ఎవరి కొంప ముంచడానికి?"

"ల్యాప్‌టాప్ కావాలోయ్. ప్లగ్గు పీకగానే చచ్చిపోవాలి."

"ఎక్కువసేపు బతకాలి అంటారు."

"చెవుడా నీకు? చచ్చిపోవాలి. బరువుగా ఉండాలి. బయటికి తీసుకెళ్తే ఎందుకూ పనికిరాకూడదు."

కొట్టాయన ఇదేదో కొత్త రకం తమాషా అనుకుని, నవ్వుకుంటూ లోపల్నించి నల్లటిది ఒకటి రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద దించాడు. బల్ల కిర్రుమంది.

"ఆటలాడే కుర్రాళ్లు కొంటారు మాస్టారూ. ప్లగ్గులో ఉన్నంతసేపూ పులి. పీకారా, పిల్లి. ఆ పిల్లి కూడా కాసేపటికే కళ్లు మూస్తుంది."

"మరి ఈ ఇటుకేంటి?"

"ఇటుక కాదండీ, దాని ఛార్జరు."

"భేష్! తెర?"

"గదిలో అద్దం లాంటి బొమ్మ. ఎండలోకి తీసుకెళ్తే నిజంగా అద్దమే, తల దువ్వుకోవచ్చు."

"ఒళ్లో పెట్టుకుంటే?"

"దీన్నెవరు ఒళ్లో పెట్టుకుంటారండీ, తొడలు మాడిపోతాయి! ఇది బల్ల మీద స్థిరంగా ఉండాల్సిన సరుకు. అలా ఉంచితే మాత్రం మీ పెళ్లిళ్లన్నీ నమిలి మింగేస్తుంది."

"స్థిరంగా ఉండాల్సిన సరుకు" అని టక్కరి ఆ మాటని నోట్లో చప్పరించాడు. "ఇదే కట్టెయ్యి."

కొట్టాయన పెట్టె తేవడానికి లోపలికి వెళ్లాడు. అప్పుడు చూశాడు టక్కరి, పక్క బల్ల మీద ఇంకొకదాన్ని. బూడిదరంగులో, పల్చగా, సర్దుకుని కూర్చున్న మంచి పిల్లలా ఉంది. చూడకూడదు అనుకుంటూనే చెయ్యి వేశాడు. ఒంటి చేత్తోనే లేచింది. మూత తెరిచి, అద్దాల తలుపు దగ్గరికి తీసుకెళ్లి ఎండకి తిప్పాడు. బొమ్మ చెక్కు చెదరలేదు. అందులో ఉన్న ఎర్రపూలు ఎర్రగానే ఉన్నాయి, నారింజకి తిరగలేదు. ఇన్నేళ్లు రంగులతో బతికిన కళ్లు కదా, మెచ్చుకోకుండా ఉండలేకపోయాయి.

"దీంట్లో మెమరీ తర్వాత పెంచుకోడానికి కుదరదు, ముందే పెద్దది తీసుకోవాలి" అని పైకే అనేశాడు.

"కరెక్ట్ మాస్టారూ" అన్నాడు పెట్టెతో వస్తూ కొట్టాయన. "కారు సాకెట్టు నుంచి కూడా ఛార్జింగ్ ఎక్కుద్ది. ఇది చూపించమంటారా?"

టక్కరి మొహం మాడిపోయింది. అది అంత తేలిగ్గా ఉండటమే ఆయనకి నచ్చలేదు. అంత తేలికైనది ఎంత దూరమైనా వెళ్లిపోతుంది. మూత వేసి, పోయినవాళ్ల మొహం మీద గుడ్డ కప్పినట్టు, దాన్ని బోర్లా తిప్పేశాడు.

* * *

"చూడు బంగారుతల్లీ!" అన్నాడు ఇంటికొచ్చి, నల్లదాన్ని బల్ల మీద పెట్టి.

కత్తెర రెండు చేతులతో ఎత్తబోయి దించేసింది. "బరువుంది నాన్నా."

"బరువుంటే గాలికి కొట్టుకుపోదు."

"బ్యాటరీ?"

"బోలెడు."

"వ్యాన్లో ఛార్జింగ్?"

"వాళ్లు చూసుకుంటారులే. పందాలు పెట్టేవాళ్లు ఒక వైరు పెట్టలేరా?"

"నువ్వు ఏరావంటే ఇంకేముంది!" అంది కత్తెర. ఒక్క క్షణం ఆగింది. "ఇంకేమైనా చెప్పాలా నాన్నా?"

"ఏముంది చెప్పడానికి?"

"ఏం లేదులే."

ఆ పిల్ల వెంటనే ముసలి కంప్యూటర్‌ని పక్కకి జరిపి, దాని స్థానంలో నల్లదాన్ని కూర్చోబెట్టింది. అలవాటు కావాలి కదా అంటూ, తండ్రి దగ్గర ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ అందులోకి ఎక్కించింది. ఆయనకి కనపడేలా అక్షరాలు పెద్దవి చేసింది. టక్కరి పక్క కుర్చీలో కూర్చుని చూస్తూ మురిసిపోయాడు. ఇటుక లాంటి ఛార్జరు గోడకి అతుక్కుపోయింది. దాన్ని పట్టుకుని కూతురు కూడా ఇంటికి అతుక్కుపోయినట్టే అనిపించింది. వెళ్లనీ. మొదటి పందెం సగంలో బ్యాటరీ ఢామ్మంటుంది. వాళ్లు చాలమ్మా అంటారు. వచ్చేస్తుంది. మళ్లీ ఈ కుర్చీలోనే కూర్చుంటుంది.

భోజనాల దగ్గర కత్తెర మళ్లీ అడిగింది. "ఏమైనా చెప్పాలా నాన్నా?"

"ఏంటే ఇందాకట్నించి! కొంచెం మజ్జిగ పొయ్యమని చెప్పాలి."

ప్రయాణానికి బట్టలు సర్దుకుంటూ కూడా అడిగింది. ఆయన అప్పుడు కూడా ఏదో జోకేసి తప్పించుకున్నాడు. ఆ తర్వాత ఆ పిల్ల అడగడం మానేసింది. టక్కరి గండం గడిచిందనుకున్నాడు.

* * *

కత్తెర బయల్దేరే రోజు మధ్యాహ్నం, ఇంకా వ్యాన్ రాకముందే, టక్కరి భార్య పని మధ్యలో ఇంటికొచ్చేసింది. చెప్పులు కూడా విప్పకుండా సీదా ముందుగదిలోకి వచ్చింది. టక్కరి ఒక పెళ్లి వీడియో కోస్తున్నాడు.

"మీ కొట్టాయనకి దవడ పన్ను పుచ్చిపోయింది" అంది.

"పాపం! పీకేశారా?"

"పీకేశారు. పన్నుతోపాటు నిజం కూడా ఊడొచ్చింది. నోటి నిండా దూది పెట్టుకుని మరీ చెప్పాడు. ప్రయాణానికి పనికిరానిదే కావాలని అడిగి మరీ కొన్నారంట కదా?"

"అబ్బే, వాడేదో మత్తింజెక్షన్లో..."

"నవ్వకండి! ఇవాళ నవ్వారంటే నేను మనిషిని కాను." ఆవిడ చేతిసంచి బల్ల మీద పడేసింది. "నా కళ్లజోడు దాచారు, ఊరుకున్నాను. మా అన్నయ్య చెప్పులు పైకప్పు మీదకి విసిరారు, ఊరుకున్నాను. ఇది కూడా తమాషానేనా? పిల్ల కష్టపడి తెచ్చుకున్న మొదటి ఉద్యోగమండీ అది. మొదటి రోజే నలుగురిలో దాని తల వంగిపోతే?"

"వంగితే ఏమైంది, వచ్చేస్తుంది!" టక్కరి కుర్చీలోంచి లేచాడు. జోకు మొహం ఎక్కడో జారిపోయింది. "వస్తే ఏం పోయిందే? ఇక్కడ పని లేదా? ఇక్కడ కుర్చీ లేదా? నా ఒళ్లో కూర్చుని నేర్చుకున్న విద్య తీసుకెళ్లి ఎవడి వ్యాన్లోనో వెనక సీట్లో పెడుతుందా? ఒక్క ముక్కైనా నాతో సంప్రదించిందా? ‘వచ్చింది నాన్నా’ అని చెప్పింది, అంతే!"

"ఉద్యోగం పోయి ఏడుస్తూ వస్తుందండీ!"

"ఏడిస్తే నేను లేనా? ఓదారుస్తాను!"

"ఓదార్చుకోవడం కోసం కన్నకూతుర్ని ఏడిపిస్తారా?"

 టక్కరి మళ్లీ కుర్చీలో కూర్చుని తెర వైపు తిరిగాడు.

"అరవకమ్మా. నాకు తెలుసు" అంది కత్తెర, గుమ్మంలో నిలబడి.

చేతిలో ప్రయాణం సంచి ఉంది. దాంట్లోంచి ఒకదాన్ని బయటికి తీసింది, ఒంటి చేత్తో. బూడిదరంగుది, పల్చటిది. తండ్రి ఎదురుగా బల్ల మీద పెట్టింది, ఈసారి వెల్లకిలా.

టక్కరికి దాన్ని గుర్తుపట్టడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఇది... ఇది నీకెలా..."

"నువ్వు కొట్లోంచి వచ్చిన రోజే నేనూ వెళ్లాను. మా నాన్న ఏది చూసి మొహం మాడ్చుకున్నాడో అది ఇవ్వండి అన్నాను. ఆయన దీన్ని చూపించి, బోర్లా తిప్పి మరీ వెళ్లాడమ్మా అన్నాడు. మెమరీ పెద్దది తీసుకోమని కూడా అన్నావంట. నేను దాచుకున్న డబ్బులతో పెద్దదే తీసుకున్నాను." కత్తెర నవ్వబోయింది, రాలేదు. "నీకంటే బాగా ఏరేవాళ్లు లేరు నాన్నా. కాకపోతే నిన్ను తిరగేసి చదవాలి."

"నీకెలా తెలిసిందే నేను..."

"బంగారుతల్లీ అన్నావు."

"అంటే?"

"ఇంజెక్షన్ రోజు, అస్సలు నొప్పి పుట్టదు బంగారుతల్లీ అన్నావు. సబ్బుముక్కని కాగితంలో చుట్టి, చాక్లెట్ తిను బంగారుతల్లీ అన్నావు. నా కుక్కపిల్ల చచ్చిపోతే, వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది బంగారుతల్లీ అన్నావు. నాతో నిజం చెప్పినప్పుడు ఒసేయ్ అంటావు. కత్తెరా అంటావు. మోసం చేసేటప్పుడే నేను నీకు బంగారాన్ని."

టక్కరి భార్య వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. అంటే ఆ మాట గుట్టు ఆవిడకీ తెలుసు. ఇంట్లో ఆయన తప్ప అందరికీ తెలుసు.

"మరి ఆ నల్లది ఎందుకు తిరిగి ఇచ్చెయ్యమనలేదు?"

"అది నీకే నాన్నా. నీ ముసలిది ఎప్పుడో పోయేలా ఉంది. నీకోసం కొనుక్కోమంటే ఈ జన్మలో కొంటావా? నన్ను ఆపడానికైతే కొన్నావు. బల్ల మీద పెట్టుకుంటే దానంత మంచిది లేదు. నీ పెళ్లిళ్లన్నీ అందులోనే పెట్టాను చూడు."

ఇక్కడికి ఆపేసి ఉంటే టక్కరి నవ్వేసేవాడే. శభాష్, టక్కరి కూతురివనిపించావే అని వీపు తట్టేవాడే. కానీ ఆ పిల్ల ఆపలేదు.

"ఇది కొన్నాను గానీ పెట్టె సీలు తియ్యలేదు" అంది మెల్లగా. "నువ్వు చెప్తావేమో అని. చెప్తే దీన్ని వెనక్కిచ్చేసి, నీతో కలిసి వెళ్లి, నీ చేత్తో తీసి ఇస్తే తీసుకుందామని. అడిగాను. మళ్లీ మళ్లీ అడిగాను. నిన్న సాయంత్రం ఇంక నువ్వు చెప్పవని తెలిసిపోయింది, నేనే సీలు తీసుకున్నాను. కోపం లేదు నాన్నా. నువ్వు మోసం చేస్తావని మొదటి రోజే తెలుసు. ఒక్కసారైనా చెయ్యవేమో అనుకున్నాను చూడు, అదే నా తెలివితక్కువతనం."

బయట వ్యాన్ హారన్ మోగింది.

* * *

సంచి టక్కరే మోశాడు. వ్యాన్లో వెనక సీటు మీద పెట్టి, వెంటనే వెనక్కి రాకుండా అక్కడే తచ్చాడాడు. సాకెట్టు ఎక్కడుందో వంగి చూశాడు. సీటు ఎత్తు చూశాడు. కిటికీకి తెర ఉందో లేదో చూశాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నోటి చివరిదాకా ఒక మాట వచ్చింది. పుట్టిన రోజున ఈ పిల్లని మొదటిసారి ఒళ్లో పెట్టినప్పుడు నోట్లోంచి వచ్చిన మాట. అప్పుడది నిజమే. ఇన్నేళ్లూ తమాషాలకి వాడీ వాడీ, ఇవాళ అవసరానికి తీస్తే అది చెల్లని నాణెం అయిపోయింది. మింగేశాడు.

"ఒసేయ్ కత్తెరా" అన్నాడు.

కత్తెర చప్పున తలెత్తింది.

"దాన్ని ఎండలో సీటు మీద వదిలెయ్యకు. బ్యాటరీ ఉబ్బుతుంది. తీసిన వీడియోలు ఒక్కచోటే ఉంచకు, రోజూ ఇంకోదాంట్లోకి కూడా ఎక్కించు. గతుకుల్లో ఒళ్లో సంచి వేసుకుని, దాని మీద పెట్టుకో. వ్యాన్లో వెనక్కి తిరిగి కూర్చుని కొయ్యకు, వాంతులవుతాయి."

"సరే నాన్నా."

"అది మంచిదేనే. కొట్లో చూసినప్పుడే... మంచిదని తెలుసే నాకు."

కత్తెర కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు చేసినట్టు తండ్రి చొక్కా గుండీ పట్టుకుని లాగింది. వ్యాన్ డ్రైవరు మళ్లీ హారన్ కొట్టాడు. ఎక్కి కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, తండ్రి తలమీద చెయ్యి వేసి నిమిరింది.

"ఏడవకు. ఒక్క ఏడాదే. పందాలు అయిపోగానే వచ్చేసి, మళ్లీ నీ పక్క కుర్చీలోనే కూర్చుంటాగా, బంగారు నాన్నా."

వ్యాన్ మలుపు తిరిగేదాకా టక్కరి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. తర్వాత మొహమంతా నవ్వుతో గబగబా గేటు దాటి వచ్చాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆవిడ అంతా వింది.

"విన్నావుటే? ఏడాదేనంట! వచ్చి నా పక్కనే కూర్చుంటుందంట! తప్పంతా మర్చిపోయిందే పిచ్చిపిల్ల. నన్ను ఏమందో విన్నావా? బంగారు నా..."

మాట అక్కడ ఆగిపోయింది. నవ్వు మాత్రం మొహం మీద ఇంకాసేపు ఉంది, దించడం మర్చిపోయిన లైటులా. దాని మీదుగానే కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

రోజంతా ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించే ఆ ఇల్లాలు, ఇన్నేళ్లకి ఆ ఒక్క నోరు మూతపడటం కళ్లారా చూసింది. చూసి, కళ్లజోడు తీసేసింది.